దిగువ కృష్ణా డెల్టాలో వరి పంటనష్ట గణన: పైరు దశను బట్టి అంచనా ఆవశ్యకత

దిగువ కృష్ణా డెల్టాలో ఖరీఫ్ వరి నాట్ల నుండి కోతల వరకు వరద, తుఫాను ముప్పు పొంచి ఉంటుంది. 2024 సెప్టెంబరు ఆరంభంలో బుడమేరు వరద గుడివాడ పరిసరాలలోని నందివాడ మండలాన్ని ముంచెత్తగా, ప్రకాశం బ్యారేజీ నుండి దిగువకు 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు విడుదలై దివిసీమ లంక భూములు మునిగాయి. అప్పటికి పైరు తొలిదశలో ఉంది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల సమీపంలో తీరం దాటినప్పుడు పైరు కోతదశలో ఉంది. ఈ రెండు సందర్భాలలోని నష్టాన్ని ఒకే పద్ధతిలో కొలవడం శాస్త్రీయం కాదు.

పెట్టుబడి రాయితీ నిబంధనలు

2022–26 కాలానికి రాష్ట్ర విపత్తు ప్రతిస్పందన నిధి నియమాల ప్రకారం నష్టం 33 శాతం లేదా అంతకు మించినప్పుడే రాయితీ లభిస్తుంది. 2015కు ముందు ఈ పరిమితి 50 శాతం. నీటిపారుదల భూమికి హెక్టారుకు రూ.17,000, వర్షాధార భూమికి రూ.8,500 చొప్పున గరిష్ఠంగా 2 హెక్టార్ల వరకు చెల్లిస్తారు. 33 శాతానికి లోబడిన నష్టానికి సాయం లేదు. కనుక గణన తేదీయే రైతు అర్హతను నిర్ణయించే పరిస్థితి ఏర్పడుతుంది.

పైరు దశ – నష్ట స్వరూపం

పిలక దశలో మునిగిన పైరు కొన్ని రోజులలోనే కుళ్ళుతుంది లేదా కోలుకుంటుంది. పూత దశలో మునిగితే నష్టం వెంటనే కనబడదు. పరాగ సంపర్కం దెబ్బతిని, తాలు గింజల రూపంలో తరువాత బయటపడుతుంది. కోతదశలో పడిపోయిన పైరులోను, చేనిపై ఉన్న పనలలోను గింజ మొలకెత్తి, రంగు మారుతుంది.

ఉదాహరణకు, 20 × 15 సెం.మీ. దూరంలో నాటిన వరిలో చదరపు మీటరుకు 33 కుదుళ్లు ఉంటాయి. పూత దశలో మునిగిన చేనిలో నీరు తీసిన వెంటనే 8 కుదుళ్లు చనిపోయినట్లు తేలితే నష్టం 24 శాతం, రైతు అనర్హుడు. మిగిలిన 25 కుదుళ్లలో, సహజ తాలును మినహాయించి, ఐదవ వంతు గింజలు తాలుగా మారితే అది మరో 5 కుదుళ్ల దిగుబడితో సమానం. మొత్తం నష్టం 13 కుదుళ్లు, అనగా 39 శాతం. అదే చేను, అదే వరద, హెక్టారుకు రూ.17,000 అందడం, అందకపోవడం రెండవ పరిశీలనపై ఆధారపడింది.

ఉప్పునీటి ప్రభావం

1977 నవంబరు 19 నాటి ఉప్పెనలో సముద్రపు నీరు దివిసీమ పొలాలను ముంచెత్తింది. ఇట్టి ముంపులో నష్టం ఆ పంటతో ముగియదు. నేల సంతృప్త ద్రావణపు విద్యుద్వాహకత మీటరుకు 3 డెసీసీమెన్లు దాటినకొద్దీ వరి దిగుబడి తగ్గుతుంది. కావున తీర మండలాలలో పైరుతోపాటు మట్టి నమూనాలను కూడా పరీక్షించి, మంచినీటితో లవణాలను కడిగివేయడం, మచిలీపట్నం వ్యవసాయ పరిశోధనా స్థానం రూపొందించిన ఎం.సి.ఎం. 100, ఎం.సి.ఎం. 101 వంటి చౌడును తట్టుకునే రకాలు సాగుచేయడం సూచించాలి.

కౌలుదారుల నమోదు

2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం ప్రకారం కౌలుదారుకు 11 నెలల ఒప్పంద పత్రం కావాలి. దానికి భూయజమాని అంగీకారం అవసరం. ఆ పత్రం లేక పైరు ఇ-పంటలో యజమాని పేరిటే నమోదైతే, పెట్టుబడి కౌలుదారుది కాగా రాయితీ యజమాని ఖాతాకు చేరుతుంది.

సూచనలు

1. ఇ-పంట నమోదులో నాటిన తేదీని, రకాన్ని, వాస్తవ సాగుదారు పేరును సరిచూడాలి.
2. పూత, పాలుపోసుకునే దశలలో మునిగిన చేలను 7–10 రోజుల తరువాత మరల పరిశీలించాలి. అప్పటివరకు వాటిని అనర్హమైనవిగా నమోదు చేయరాదు.
3. ప్రతి చేనిలో గట్టుకు దూరంగా, కనీసం మూడు చోట్ల చదరపు మీటరు చట్రంతో లెక్కించాలి.
4. పడిపోయిన పైరుపై 5 శాతం ఉప్పు ద్రావణం పిచికారీ చేయించి గింజ మొలకెత్తకుండా కాపాడాలి. గణన పూర్తికాలేదన్న కారణంతో ఈ చర్యను ఆపరాదు. ముందుగా చేని ఫోటోలు, కొలతలు తీసుకొంటే సరిపోతుంది.
5. ముసాయిదా జాబితాను గ్రామంలో ప్రదర్శించిన రోజులలో విస్తరణ సిబ్బంది అందుబాటులో ఉండి, అభ్యంతరాలు వ్రాతపూర్వకంగా ఇచ్చేందుకు రైతులకు, ముఖ్యంగా కౌలుదారులకు, తోడ్పడాలి.