నిండిన పెట్టెకు చోటు

పెరటిలో తేనెటీగల పెట్టె నుంచుకొన్న ఇంట పిల్లలు మొదట అడుగునది తేనెను గూర్చియే. అయితే ఆ పెట్టె పెద్దలకును పిల్లలకును నేర్పు పాఠము వేరొకటి కలదు. పెరుగుచున్న కుటుంబమునకు సకాలమున చోటియ్యని యెడల, అది తానే చోటు వెదకికొని పోవును.

1851లో లోరెంజో లాంగ్‌స్ట్రాత్ అను అమెరికా దేశపు పాదిరి ఒక చిన్న సంగతిని గ్రహించెను. సుమారు 6 నుండి 9 మిల్లీమీటర్ల సందును విడిచినచో, ఈగలు దానిని మైనముతో పూడ్చక నడవదారిగా నుంచుకొనును. ఆ సందును విడిచి చట్రములను అమర్చుటవలన, పట్టును కోయకయే పైకెత్తి చూచుట సులభమాయెను. ఇరువదవ శతాబ్దపు ఆరంభమున న్యూటన్ అను కతోలిక గురువు దక్షిణ భారతమున మన దేశపు తేనెటీగకు తగిన చిన్న పెట్టెను రూపొందించెను.

పెట్టె తెరచునప్పుడు పిల్లలు ముఖమునకు వలముసుగు ధరించి, ద్వారమునకు ఎదురుగా గాక ప్రక్కన నిలువవలెను. ఈగ కుట్టినచో ముల్లును తక్షణమే గోటితో గీకి తీసివేయవలెను. ముఖము వాచినను, ఊపిరి ఆడకున్నను ఆలస్యము చేయక ఆసుపత్రికి కొనిపోవలెను.

పూలు విస్తారముగా పూచి పెట్టె నిండినప్పుడు, కూలి ఈగలు పట్టు అంచున క్రిందికి వ్రేలాడు రాణి గదులను కట్టును. అంతట తల్లి రాణి అనేకమైన ఈగలతో బయలుదేరిపోవును. పోవునది కుమార్తె కాదు, తల్లియే! కట్టిన పట్టును, దాచిన తేనెను, పెరుగుచున్న పిల్లలను పుట్టబోవు రాణికి విడిచి, తాను కొత్త గూటిని వెదకును.

కొందరు ఈ పయనమును ఆపగోరి రాణి గదులను చిదిమివేయుదురు. ఇరుకు తీరలేదు గనుక ఈగలు మరల కట్టును. తల్లి అప్పటికే వెళ్లిపోయి యుండగా గదులన్నిటిని చిదిమినచో, మిగిలిన గుంపు రాణి లేక క్షీణించును. పట్టుదలతో నిలుపగోరినవాడే పెట్టెను పోగొట్టుకొనును.

వివేకి ముందుగానే విభజించును. తల్లి రాణిని కొన్ని చట్రములతో ఒక పెట్టెలో నుంచి, మంచి రాణి గది యొకటి గల చట్రమును, పిల్లలున్న పట్టును, తేనెను, తగినన్ని ఈగలను రెండవ పెట్టెలో నుంచును. రెండింటిని పాత స్థలమునకు ఇరుప్రక్కల సమదూరమున పెట్టినచో, మేతకు పోయి వచ్చు ఈగలు రెండింటికిని పంచుకొనబడును.

ఆ తరువాతి పని మరింత కష్టము, అది వేచియుండుట. కొత్త రాణి బయటికి ఎగిరి, జతకూడి తిరిగివచ్చి గ్రుడ్లు పెట్టువరకు పెట్టెను మాటిమాటికి తెరువరాదు. పిల్లవాడు మూత ఎత్తి చూడగోరును, తండ్రి వద్దనును. కొన్ని యేండ్లకు ఆ పిల్లవాడే పెద్దవాడై తన త్రోవను పోగోరునప్పుడు, మూత ఎత్తి చూడగోరువాడు తండ్రి యగును. పెరటిలో నేర్చిన ఓర్పు ఆనాడు ఆ యింటికి అక్కరకు వచ్చును.