ఎరుగనిది అడుగుట, ఎరిగినది చెప్పుట

ఈ మాసపు పాఠమునకు మనము దూరదేశపు కూటమొకటి తీసికొందము. అది ప్రార్థన కూటము కాదు. కంప్యూటరు పనియందు ఆసక్తిగలవారు ఒకరి చిక్కును మరియొకరు విప్పుటకై కూడుకొనిన కూటము. నేడు మన పల్లెలలో అనేకుల చేతిలో సెల్‌ఫోను ఉన్నది. భూమి కాగితము కొరకు మీసేవ కేంద్రమునకు పోయినచో అక్కడను కంప్యూటరు ముందే కూర్చుందురు. అయితే ఇటువంటి యంత్రము సామాన్యుని యింటికి మొదట ఎట్లు వచ్చెనో, అందులో పరస్పర సహాయమునకు ఎంత పాలు కలదో మనలో కొద్దిమందికే తెలియును.

1975వ సంవత్సరమునకు ముందు కంప్యూటరనగా ప్రభుత్వమునకో, విశ్వవిద్యాలయమునకో, పెద్ద కంపెనీకో చెందిన వస్తువు. ఆ యేడు జనవరి మాసమందు అమెరికాలో పాపులర్ ఎలక్ట్రానిక్స్ అను పత్రిక అట్టమీద ఆల్టెయిర్ 8800 అను చిన్న యంత్రపు బొమ్మ అచ్చుపడెను. న్యూ మెక్సికో రాష్ట్రములోని ఆల్బుకర్కీ పట్టణమందున్న మిట్స్ అను కంపెనీ దానిని విడిభాగములుగా నాలుగు వందల డాలర్ల లోపు వెలకు అమ్మజూపెను. పెట్టె తెప్పించుకొనినవాడే భాగములను ఒక్కొక్కటిగా సీసముతో అతికించి యంత్రమును నిలుపుకొనవలెను. దానికి తెర లేదు, అక్షరముల మీటలు లేవు. ముందువైపున స్విచ్చుల వరుసయు చిన్న దీపముల వరుసయు మాత్రము ఉండెను. దాని జ్ఞాపకము 256 బైట్లు. పోస్టుకార్డు నిండా వ్రాసిన జాబైనను అందులో పట్టదు. ఒక్క అతుకు సరిగా పడకపోయినను యంత్రము కదలదు. ఎందుకు కదలలేదో చెప్పువాడు ఆ వీధిలో లేడు, చాలమందికి ఆ యూరిలోనే లేడు. మన మోటారు ఇంజను ఆగినప్పుడు మెకానిక్కు పక్క ఊరినుండి వచ్చువరకు ఓర్చుకొందుము. వారికి పిలుచుటకు మెకానిక్కే లేడు.

కాలిఫోర్నియా రాష్ట్రములో మెన్లో పార్క్ అను ఊరు కలదు. అచ్చట ఫ్రెడ్ మూర్, గోర్డన్ ఫ్రెంచ్ అను ఇద్దరు తమవంటి వారినందరిని ఒకచోటికి పిలువ సంకల్పించిరి. మూర్ సంగతి కొంచెము చెప్పవలెను. 1959లో ఆయన బర్క్లీ విశ్వవిద్యాలయములో విద్యార్థిగా ఉండగా, నిర్బంధ సైనిక శిక్షణ తన మనస్సాక్షికి ఒప్పదని చెప్పి, అచ్చటి మెట్లమీద కూర్చుండి ఉపవాసముండెను. యంత్రములయందు ఆయన గొప్ప నిపుణుడు కాడు. మనుష్యులను ఒకరితో ఒకరిని కలుపుటయే ఆయనకు ప్రీతి. ప్రకటన కాగితములు అంటింపబడెను. 1975 మార్చి 5, బుధవారము రాత్రి, ఫ్రెంచ్ గారి కారు షెడ్డులో సుమారు ముప్పదిమంది కూడుకొనిరి. ఆ కూటమునకు తరువాత హోమ్‌బ్రూ కంప్యూటర్ క్లబ్ అను పేరు కలిగెను. ఇంట కాచుకొను సారాయమునకు ఆ దేశస్థులు వాడు మాట అది. ఇంటనే చేసికొనినది అను భావముతో పెట్టుకొనిరి గనుక మన పెద్దలు పేరు విని వెరువనక్కరలేదు.

జనము పెరిగినకొలది షెడ్డు చాలలేదు. కొంతకాలమునకు స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయపు అణుపరిశోధన కేంద్రములోని పెద్ద సభాశాలకు మారిరి. వందలకొలది వచ్చుచుండిరి. లీ ఫెల్సెన్‌స్టీన్ అను ఇంజనీరు సభ నడుపుచుండెను. ఆయన నడిపిన క్రమమే నేటి మన పాఠమునకు ముఖ్యమైన భాగము. మొదట, మాట్లాడగోరినవారు ఒక్కొక్కరే లేచి తమకు ఏమి కావలెనో, తమయొద్ద ఏమున్నదో అందరి యెదుట చెప్పవలెను. నా యంత్రము ఫలానిచోట ఆగిపోవుచున్నదని ఒకడు, ఫలాని భాగము నాయొద్ద అదనముగా ఉన్నదని యొకడు, ఫలాని పని నేను చేసి చూచితినని మరియొకడు. అక్కడ చిక్కు విప్పరు. ఎవరు ఎవరో గుర్తుపట్టుటకే ఆ వేళ. పిమ్మట సభ విడిపోవును. అప్పుడు అడిగినవాడు తెలిసినవానిని వెదకుకొని పోయి, మూలలలోను నడవలలోను నిలుచుండి మాటలాడుకొందురు, భాగములు మార్చుకొందురు.

ఇందులో మనము గమనింపవలసినది, అడుగుటకు పెట్టిన చోటు. మన యూళ్లలో అడుగుట ఎంత కష్టమో మనమెరుగుదుము. బ్యాంకునుండి ఫోనులో వచ్చిన వార్త చదువరాని తాత దానిని జేబులోనే పెట్టుకొని తిరుగును గాని, పక్కింటి పిల్లవానిని అడిగినచో చులకన యగుదునని అడుగడు. చదువుకొనిన కుర్రవాడు మరింత కష్టపడును. తెలియదన్నచో చదువు వృథాయని నలుగురు అందురేమోనని వాని భయము. ఆ క్లబ్బులో తెలియదని చెప్పుట సభ కార్యక్రమములో మొదటి అంశము. అందువలన సిగ్గు సగము తొలగెను. పైగా ఒకని చిక్కు అందరి చెవిని పడుటచేత, అదే చిక్కు కలిగియు నోరు విప్పని నలుగురికి కూడ దారి దొరకెను. చాటున అడిగిన ప్రశ్నకు ఒక్కనికే జవాబు వచ్చును. అందరి యెదుట అడిగినది కూటమంతటికి పనికివచ్చును.

నోరు విప్పని వారిలో స్టీవ్ వోజ్నియాక్ ఒకడు. హ్యూలెట్ ప్యాకర్డు కంపెనీలో పనిచేయు యువకుడు, బహు సిగ్గరి. సభలో చేయి యెత్తి మాటలాడువాడు కాడు. అయితే తాను రూపించిన కంప్యూటరు పటమును నకళ్లు తీసి, అడిగినవారికెల్ల ఉచితముగా ఇచ్చుచుండెను. కట్టుకొనుటలో కొందరికి తోడ్పడెను. సభ పిమ్మట జనము ఆయన బల్లచుట్టు మూగుచుండిరి. పటము చేతనున్నను అతుకుపని అందరికి చేతకాదని కనిపెట్టిన ఆయన స్నేహితుడు స్టీవ్ జాబ్స్, పలకలనే సిద్ధముచేసి అమ్ముదమనెను. 1976లో వచ్చిన ఆపిల్ 1 అదియే. అదే పేరుగల కంపెనీ ఫోను నేడు ఎంత వెల పలుకునో పట్నమునకు పోయిన మన పిల్లలు చెప్పుదురు!

స్టీవ్ డోంపియర్ అను సభ్యుని సంగతియు చెప్పక విడువలేము. తన ఆల్టెయిర్ పనిచేయుచుండగా దగ్గరనున్న రేడియోలో గురగుర శబ్దము వచ్చుట ఆయన గమనించెను. యంత్రము చేయు లెక్కనుబట్టి ఆ శబ్దము మారుచుండెను. ఏ లెక్కకు ఏ స్వరమో ఓర్పుతో కనుగొని, 1975 ఏప్రిల్‌లో కూటమునకు యంత్రమును తెచ్చి, స్విచ్చులు ఒక్కొక్కటే మీటి ఆజ్ఞలెక్కించి, రేడియోలో పాట పలికించెను. కొందరికి ఇంకను తమ పెట్టెయే చేరలేదు. ఆ యంత్రము ఏదైన చేయునా యని సందేహించుచుండిరి. ఆయన ఆ మర్మమును దాచుకొనక, పద్ధతిని పత్రికలో అచ్చువేయించెను.

ఇంతవరకు సంతోషమే. ఇక చేదు భాగము కూడ చదువవలెను, లేనియెడల పాఠము సగమే యగును. ఆల్టెయిర్ కొరకు బిల్ గేట్స్, పాల్ ఆలెన్ అను యువకులు బేసిక్ అను భాషాప్రోగ్రామును వ్రాసిరి. విడిగా కొన్నచో దాని వెల 500 డాలర్లు, యంత్రము వెలకంటె ఎక్కువ. మిట్స్ మెమరీ పలకతో కలిపి కొన్నచో చాల తగ్గును గాని, ఆ పలకలు సరిగా పనిచేయుటలేదని కొన్నవారు మొరపెట్టుచుండిరి. ఇట్లుండగా ఆ ప్రోగ్రాము గల రంధ్రముల కాగితపు చుట్ట యొకటి క్లబ్బువారి చేతిలో పడెను. ఒకడు నకళ్లు తీసి సభలో పంచెను. ఒకటి తీసికొనినవాడు రెండు తెచ్చి యియ్యవలెనని ఏర్పాటు. 1976 ఫిబ్రవరి 3వ తేదీని ఇరువది యేండ్ల గేట్స్ ఔత్సాహికులకందరికి బహిరంగ లేఖ వ్రాసెను. యంత్రము కొన్నవారిలో పదవవంతు కంటె తక్కువమందే బేసిక్ కొన్నారనియు, తమ శ్రమకు గంటకు రెండు డాలర్లైనను గిట్టలేదనియు అందులో లెక్క చెప్పెను. దీనిని దొంగతనమనెను. క్లబ్బులో కోపము రేగెను.

మనమేమందుము? వారి కోపమునకు కారణము లేకపోలేదు. అయినను తన చేనిలో పరిగె ఏరుకొండని పేదలను పిలుచుట ఒకటి, పొరుగువాని చేను కోసి పంచిపెట్టుట వేరొకటి. వోజ్నియాక్ తన పటమును ఇచ్చెను, డోంపియర్ తన పాటను ఇచ్చెను. కాగితపు చుట్ట పంచినవాడు పంచినది మరియొకని కష్టము. సహాయమను పేరు రెంటికి ఒకటే యగుటచేత మోసపోకూడదు. గలతీ పత్రిక ఆరవ అధ్యాయములో రెండవ వచనము మనకందరికి కంఠపాఠమే; ఆరవ వచనమును కూడ తెరచి చదువుడి. అది వాక్యోపదేశమునుగూర్చినదే యైనను, నేర్చుకొనువాడు నేర్పువానికి ఏమి బాకీపడునో అక్కడ కలదు.

ఈ జగడమునకు మాటలతోగాక పనితో జవాబు చెప్పిన క్లబ్బు సభ్యుడు ఒకడు కలడు. టామ్ పిట్‌మన్ అను ఈ క్రైస్తవుడు తరువాతి కాలమందు బైబిలు అనువాదమునకు తోడ్పడు ప్రోగ్రాము మీద కూడ పనిచేసెను. ఆయన 1976లో చిన్న బేసిక్ ఒకటి వ్రాసి దానికి 5 డాలర్ల వెల పెట్టెను. నకలు తీయు శ్రమకంటె కొనుటయే సులువుగా ఉండవలెనని ఆయన తలంపు. కొనువారు కొనిరి. కష్టపడినవానికి కూలి ముట్టెను, బీదవానికి అందుబాటాయెను.

క్లబ్బు 1986 డిసెంబరు వరకు నడిచెను. దాని సభ్యులు పెక్కు కంపెనీలు స్థాపించిరి. అందువలననే ఒక మార్పు వచ్చెను. మునుపు చేసినదానిని వెంటనే సభకు తెచ్చి చూపినవారు, ఇప్పుడు అది అంగడికి వచ్చువరకు పెదవి కదపలేరైరి. కొందరు రాకయే మానుకొనిరి. వచ్చిన కొందరు, తాము ఎరిగినదానిని గూర్చియే ఎవరైన లేచి అడుగునప్పుడు తలవంచుకొని కూర్చుండవలసి వచ్చెను.