ష్రెడ్డర్‌లో కాగితం ఇరుక్కోకుండా: వాడకం, సంరక్షణ

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు నాటి బళ్ళారి జిల్లాలోని ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రలో చేరాయి. బళ్ళారి నగరం మైసూరు రాష్ట్రంలో కలిసింది. గీత మారినా రాకపోకలు ఆగలేదు. జీన్స్ కుట్టే కేంద్రాలకు, అంగళ్ళకు, గనుల కార్యాలయాలకు పనికోసం తెలుగువారు నేటికీ వస్తూనే ఉన్నారు. అలా వచ్చినవారిని ఊరు మొదట అడిగేది ఆధార్ నకలు. అద్దె గదికి ఒకటి, గ్యాసుకు ఒకటి, పనిలో చేర్చుకునే యజమానికి మరొకటి. ఇవిగాక స్వగ్రామపు రేషన్ కార్డు, బ్యాంకు పాసుపుస్తకం నకళ్ళు ఉండనే ఉంటాయి.

ఈ నకళ్ళు పని తీరిన తరువాత ఎక్కడికి పోతాయన్నది అసలు ప్రశ్న. జిరాక్స్ అంగడిలో చెడిపోయిన ప్రతులు, కార్యాలయాలలో పాతబడిన దరఖాస్తులు తూకం లెక్కన గుజరీ అంగడికి చేరుతాయి. అక్కడి నుండి బజ్జీల పొట్లంగా ఎవరి చేతికైనా రావచ్చు. పేరు, ఫొటో, సంఖ్య, చిరునామా, సంతకం ఒకే కాగితంపై ఉన్నప్పుడు మోసగానికి వేరే శ్రమ అక్కరలేదు. అందువల్లనే ఇటీవల చిన్న కార్యాలయాలు, జిరాక్స్ అంగళ్ళు కూడా ష్రెడ్డర్ కొంటున్నాయి. అయితే కొన్న కొద్ది నెలలకే అది మొరాయించి మూలన పడటం, కాగితాలు మళ్ళీ గుజరీ సంచిలోకి పోవటం సర్వసాధారణం. యంత్రం చెడిపోవటమంటే ఇక్కడ ఇతరుల వివరాలు వీధిన పడటమే.

యంత్రపు నిర్మాణం సరళమైనది. పళ్ళతో కూడిన రెండు ఇరుసులు ఎదురెదురుగా తిరుగుతూ కాగితాన్ని లోపలికి లాగి కోస్తాయి. పొడవు పేలికలుగా మాత్రమే కోసే రకం చవక; కాని నమ్మదగినది కాదు. 1979లో టెహరాన్‌లోని అమెరికా రాయబార కార్యాలయం ఆక్రమణకు గురైనప్పుడు అక్కడి పేలికలను ఇరానీయులు ఓపికగా అతికి, పత్రాలను తిరిగి చదివి, పుస్తకాలుగా అచ్చువేశారు. అడ్డంగానూ కోసి ముక్కలు చేసే యంత్రమే గుర్తింపు పత్రాలకు తగినది. పెట్టెపై పి-4 అని ఉంటే ఒక్కో ముక్క 160 చదరపు మిల్లీమీటర్లకు మించదని అర్థం. ముక్కలు చిన్నవయ్యేకొద్దీ పళ్ళపై భారం పెరుగుతుంది కనుక ఈ రకానికే సంరక్షణ ఎక్కువ కావాలి.

కాగితం ఇరుక్కోవటానికి ప్రధాన కారణం ఆత్రమే. పది కాగితాల సామర్థ్యమని రాసి ఉంటే ఆ లెక్క కొత్త యంత్రానికి, పలుచని కొత్త కాగితానికి సంబంధించినది. ఏడెనిమిదికి మించకుండా పెట్టడం వివేకం. మడత విప్పని కాగితం ఒకటి రెండింటితో సమానం. ఏటవాలుగా పెడితే ఒక మూలన ముద్దకట్టి ఆగిపోతుంది. తడిసిన కాగితం, జిగురు చీటీలు, లామినేషన్ చేసిన కార్డులు పళ్ళకు అంటుకుపోతాయి. పిన్నులను కోయగలదని తయారీదారు చెప్పినా తీసివేయటమే మేలు. క్లిప్పులను తప్పక తీయాలి. డబ్బా నిండిపోయినప్పుడు కింది ముక్కలు పైకెగదన్ని పళ్ళలో చిక్కుకుంటాయి. చాలామంది గమనించని కారణం ఇదే.

ఇరుక్కున్నదని తెలియగానే ఇంకొక కాగితంతో నెట్టరాదు. వెనుకకు తిప్పే మీట నొక్కి, బయటకు వచ్చినంత తీసి, మళ్ళీ ముందుకు నడపాలి. రెండు మూడుసార్లకూ వదలకపోతే ప్లగ్గు పీకివేసి, పట్టకారుతో కొద్దికొద్దిగా లాగాలి. వేళ్ళు పెట్టరాదు. చున్నీ, జడ, మెడలోని గుర్తింపు కార్డు తాడు యంత్రంపైకి వేలాడకూడదు. పిల్లలున్న ఇంట పని ముగియగానే ప్లగ్గు తీసి ఉంచాలి. మధ్యలో కరెంటు పోయినప్పుడు కూడా మీట ఆపివేయటం అవసరం. లేకుంటే కరెంటు రాగానే యంత్రం తనంత తానే తిరగవచ్చు.

కొంతసేపు నడిచి హఠాత్తుగా ఆగిన యంత్రం చెడిపోయిందని విప్పటం తొందరపాటు. మోటారు వేడెక్కినప్పుడు రక్షణ మీట దానిని ఆపుతుంది. చిన్న యంత్రాలు కొద్ది నిమిషాలే ఎడతెగక నడుస్తాయి. తరువాత అరగంట విశ్రాంతి ఇవ్వాలి. బళ్ళారి ఎండాకాలంలో అది మరికొంత పెరగవచ్చు.

నూనె విషయంలోనే ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి. డబ్బా ఖాళీ చేసిన ప్రతిసారీ ఒక కాగితంపై ష్రెడ్డర్ నూనెను వంకరటింకర గీతగా పోసి లోపలికి పంపి, ఆపై కొన్ని క్షణాలు వెనుకకు తిప్పితే నూనె పళ్ళన్నింటికీ అందుతుంది. కుట్టు మిషన్ నూనె ఈ ఊరిలో అడుగడుగునా దొరుకుతుంది. యంత్రంతో వచ్చిన పుస్తకం అనుమతిస్తే తప్ప దానిని వాడరాదు. పిచికారీ డబ్బాల నూనెలు అసలే వద్దు. వాటిలోని మండే వాయువు లోపల నిలిచి, మోటారు నిప్పురవ్వకు అంటుకోవచ్చు.

గనుల లారీల ఎర్రదుమ్ము, జీన్స్ బట్టల నూగు నూనెతో కలిస్తే పళ్ళమధ్య బంకగా పేరుకుంటాయి. కనుక యంత్రాన్ని వీధివాకిలికి, బట్ట కోసే బల్లకు దూరంగా ఉంచి, వాడనప్పుడు గుడ్డ కప్పాలి. కాగితం పెట్టకపోయినా తిరుగుతున్నా, పెట్టినా కదలకున్నా నోటిలోని సెన్సారుపై దుమ్ము పడి ఉండవచ్చు. ప్లగ్గు తీసి, పొడి దూదితో తుడిస్తే చాలాసార్లు అదే సరిపోతుంది.

యంత్రం బాగున్నదని అన్నీ కోయటం కూడా తగదు. జి.ఎస్.టి. నమోదు ఉన్న వ్యాపారి లెక్కల పుస్తకాలను ఆ సంవత్సరపు వార్షిక రిటర్ను గడువు తేదీ నుండి 72 నెలలు భద్రపరచాలి. అద్దె ఒప్పందం, జీతం చీటీలు, స్వగ్రామపు భూమి పత్రాలు గుట్టలో కలిసిపోలేదని చూసుకున్న తరువాతే మీట నొక్కాలి. కోసిన ముక్కలను సంచిలో మూతికట్టి పొడి చెత్తలో ఇవ్వాలి. విడిగా పోస్తే గాలికి వీధంతా పరుచుకుంటాయి.

యంత్రం లేని ఇంటివారు ఆధార్ సంఖ్య, ఫొటో, సంతకం వేర్వేరు ముక్కలలోకి వచ్చేలా చింపి, రాత్రంతా నీటిలో నానబెట్టి, ముద్దగా పిసికి పారవేయవచ్చు. నకలు ఇవ్వవలసి వచ్చినప్పుడు, అవతలివారు అంగీకరించే చోట, చివరి నాలుగు అంకెలు మాత్రమే కనిపించే మాస్క్‌డ్ ఆధార్‌ను ఆధార్ సంస్థ వెబ్‌సైటు నుండి దింపుకొని ఇవ్వవచ్చు.