ప్రసవవేళ తోడు



జపమాలలో రెండవ సంతోష దేవరహస్యమును ధ్యానించేటప్పుడు మరియమాత ఎలిజబెతమ్మను దర్శించుటను తలచుకొంటాము. దర్శనమంటే ఒకపూట చుట్టపుచూపు కాదు. సుమారు మూడు నెలలు ఆ తల్లి అక్కడే ఉన్నది (లూకా 1:56). ముసలితనములో తొలిచూలు మోస్తున్న బంధువుకు తోడుగా ఉన్నది.

పాశ్చాత్య దేశములలో కాన్పు సమయమున ఇలా తోడుండే స్త్రీని 'డూలా' అంటున్నారు. ఆమె మంత్రసాని కాదు, నర్సు కాదు. నడుము నిమురుతుంది, నీళ్లు తాగిస్తుంది, ధైర్యము చెబుతుంది. గ్రీకులో ఈ మాటకు దాసి అని అర్థము. మరియమ్మ తనను ప్రభువు దాసిగా చెప్పుకొన్నచోట (లూకా 1:38) మూలములో ఉన్నది ఈ మాటే. పేరు పెట్టినవారు సువార్తను తలచి పెట్టలేదుగాని, మనకు మాత్రము అది కొత్తది కాదు.

ఇది ఆడవారి ముచ్చట అని తోసివేయరాదు. 17 దేశములలో 15 వేలమందికి పైగా స్త్రీలతో జరిగిన 26 పరిశోధనలను 2017లో కలిపి చూశారు. ఎడతెగని తోడు ఉన్నవారిలో సహజ కాన్పులు ఎక్కువ, ఆపరేషన్లు తక్కువ అని తేలింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము తెలంగాణలో నూటికి 60కి పైగా, ఆంధ్రప్రదేశ్‌లో 42 కాన్పులు ఆపరేషన్లే. తోడు ఒక్కటే దీనికి మందు అనను. కారణములు అనేకము.

మన దేశములో ఈ తోడు ఎవరో చూపే దయ కాదు. ప్రభుత్వ ఆసుపత్రుల కాన్పుగదిలోనికి ఒక తోడును రానివ్వవచ్చునని కేంద్ర ఆరోగ్యశాఖ 2016లో మార్గదర్శకములు ఇచ్చింది. వచ్చేది స్త్రీ అయి ఉండాలి, కాన్పు అనుభవము ఉంటే మేలు. అంటువ్యాధి ఉండరాదు, శుభ్రమైన బట్టలు కట్టుకోవాలి, గర్భిణిని విడిచిపోరాదు, వైద్యుల పనికి అడ్డు రారాదు. గదిలో చాటు ఉన్నచోట భర్తనూ అనుమతించవచ్చు.

చిక్కంతా ఆ చాటు దగ్గరే. ఒకే గదిలో నాలుగు బల్లలుండి మధ్య తెర లేకపోతే, తోడు వచ్చినవారిని వాకిలి బయటే ఆపుతారు. నొప్పులు పడే పిల్ల లోపల ఒంటరి. తెరగుడ్డకు ఎంత ఖర్చవుతుంది? కలిగినవారు డబ్బిచ్చి తోడు తెచ్చుకోగలరు. కూలి తల్లి కూతురి వెంట వస్తే ఆమెకు ఆ రోజు కూలి పోతుంది. 2011 నుండి జననీ శిశు సురక్షా కార్యక్రమము క్రింద ప్రభుత్వ ఆసుపత్రిలో కాన్పు, ఆపరేషను, మందులు, తల్లికి భోజనము, వాహనము ఉచితము. తోడు వచ్చినవారి కూలి మాత్రము అందులో లేదు.

విచారణలోని మరియదళ సభ్యులు, విన్సెంట్ డి పాల్ సభవారు ఈ లోటు చూడవచ్చు. ఇంట్లో ఏడో నెల గర్భిణి ఉన్నవారు ఆశా కార్యకర్తను ఇప్పుడే అడగండి: మనము వెళ్లే ఆసుపత్రిలో తోడును రానిస్తారా? రానివ్వకపోతే అడ్డు ఏమిటి? తెర అయితే, ఆ సంగతి విచారణ సలహా సంఘములో చెప్పండి.