ప్రాగ్‌లో ఒక్క పూట

ప్రశ్న: ప్రాగ్ పాత నగరం నడిచి చూడాలని ఉంది. అమ్మకు ఎత్తెక్కితే ఆయాసం. ఎలా?

జవాబు: కోట నుంచి మొదలుపెట్టండి. 22వ నంబరు ట్రామ్ పైదాకా తీసుకెళ్తుంది. అక్కణ్ణుంచి నెరుదోవా వీధి అంతా దిగుడే. దారంతా రాళ్ల పరుపు, అమ్మగారికి మెత్తటి బూట్లు వేయించండి, చెప్పులు వద్దు. కిందికి దిగి ముందుకు నడిస్తే, నాలుగో చార్లెస్ చక్రవర్తి 1357లో కట్టడం మొదలుపెట్టించిన వంతెన వస్తుంది, పొడవు 516 మీటర్లు. పొద్దున్నే దాటితే జనం తాకిడి ఉండదు.

ఆవలి ఒడ్డున పాత నగరంలో 1410 నాటి గడియారం. గంట కొట్టే వేళకు అందరూ పైకిటికీల్లో తిరిగే అపొస్తలుల కోసం మెడలు సాచి చూస్తారు. మీరు మాత్రం కింద అస్థిపంజరాన్ని చూడండి. అది తాడు లాగి గంట కొడుతుంటే, మిగతా బొమ్మలు ‘అప్పుడే రాం’ అన్నట్టు తల అడ్డంగా ఊపుతాయి!