దూరం తన్నాలా, దగ్గరగా అందించాలా?

వారాసిగూడలోని మా గదిలో ఆదివారాలు కంప్యూటర్ మీద ఫుట్‌బాల్ మేనేజర్ ఆట నడుస్తుంది. ఇందులో తన్నేది మనం కాదు. ఎత్తుగడ ఎంచడమే మన పని. నేనెప్పుడూ పొడుగు కిక్కు, మెరుపుదాడి అనే మీటలే నొక్కేవాణ్ణి. వరసగా ఓడాను. "అంతదూరం తన్నిస్తున్నావు సరే, అక్కడ అందుకునేవాడెవడురా?" అన్నాడు గదిమిత్రుడు.

జవాబు మన హైదరాబాదులోనే ఉంది. సయ్యద్ అబ్దుల్ రహీం గారు బడిపంతులుగా పనిచేసినవారు. ఆయన శిక్షణలో సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా 5 సార్లు రోవర్స్ కప్పు గెలిచింది. వాటం లేని కాలితోనే తన్నాలనీ, డ్రిబ్లింగ్ చేయరాదనీ షరతులు పెట్టి ఆయన పోటీలు నడిపేవారు. డ్రిబ్లింగ్ లేనప్పుడు బంతిని అట్టే పెట్టుకుని ఏం చేస్తాడు? పక్కవాడికి ఇచ్చేస్తాడు. పొట్టి పాసులు అలా వంటబడతాయి.

1962 జకార్తా ఏషియన్ గేమ్స్‌లో మనవాళ్ళు మొదటి మ్యాచ్‌లో దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓడారు. తర్వాత థాయ్‌లాండ్‌తో ఆడుతూ డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. రహీం గారు ఆయన్ని కూర్చోబెట్టలేదు, సెంటర్ ఫార్వర్డ్‌గా ముందుకు పంపారు! తల పగిలినవాణ్ణి ముందుకా అని నేనూ నోరెళ్ళబెట్టాను. డిఫెండరైతే వచ్చిన ప్రతి బంతికీ తల ఒడ్డక తప్పదు, ముందువరసలో కాస్త వీలుంటుంది — ఇది నా ఊహ. ఫైనల్లో అదే కొరియాపై 2-1తో గెలిచాం. ఒక గోలు పి.కె. బెనర్జీది, రెండోది జర్నైల్‌ది. మరుసటి ఏడాదే రహీం గారు క్యాన్సర్‌తో కన్నుమూశారు.

ఇప్పుడు ముందు నా జట్టులో ఎవరి కాలి వాటమేమిటో చూసి, ఆ తర్వాతే మీట నొక్కుతున్నాను. పోయిన ఆదివారం 1-1. గదిమిత్రుడు మాట్లాడలేదు.