సరుకు బండి బ్రేకులు: ప్యాడ్లు, డిస్కులు, రబ్బరు పైపులు ఇంటి దగ్గరే మార్చుకోవడం ఎలా?

పంట పండించడం ఒక ఎత్తు, దాన్ని మార్కెట్టుకు చేర్చడం మరో ఎత్తు. 1999 జనవరి 26న రైతుబజార్లు మొదలయ్యాక కూరగాయలు మనమే తీసుకెళ్లి అమ్ముకునే వీలు కలిగింది. 2005లో టాటా ఏస్ వచ్చిన తర్వాత చిన్న ట్రక్కులు పల్లెల్లోకీ చేరాయి. ఇద్దరు ముగ్గురు రైతులు కలిసి పాత బండి ఒకటి కొనుక్కుని తెల్లవారుజామున టమాటా, వంకాయ, బెండ వేసుకుని వెళ్లడం ఇప్పుడు మామూలే. ఇంజను మొరాయిస్తే బండి ఆగిపోతుంది, అంతే. బ్రేకు మొరాయిస్తే మాత్రం బండి ఆగదు. సరుకు మీద కూర్చున్న కూలీల ప్రాణాలు కూడా దాని మీదే ఉంటాయి.

వేగం రెట్టింపైతే బ్రేకు నొక్కాక బండి ఆగడానికి పట్టే దూరం నాలుగింతలవుతుంది. 30 కిలోమీటర్ల వేగంలో సరిపోయిన అరిగిన బ్రేకు, 60లో సరిపోదు. బరువు పెరిగితే మరీ కష్టం.

మార్చాల్సిన సమయం ఎప్పుడు?

చాలా చిన్న ట్రక్కులకు, కార్లకు ముందు చక్రాలకు డిస్కు, వెనుక డ్రమ్ము ఉంటాయి. కొన్ని పాత బండ్లకు నాలుగూ డ్రమ్ములే. మీ బండికి ఏమున్నాయో ముందు చూసుకోండి. ఇక్కడ చెప్పేది డిస్కు బ్రేకుల గురించి.

- ప్యాడుకు అంటించిన రాపిడి పదార్థం 3 మిల్లీమీటర్ల కంటే తగ్గితే మార్చాల్సిందే. బ్రేకు నొక్కినప్పుడు కీచుమని శబ్దం వస్తే ప్యాడు అరిగిందని అనుమానించండి. గరగరమని ఇనుము రాసుకుంటే అప్పటికే ఆలస్యమైంది, డిస్కు కూడా పాడవుతోంది.
- డిస్కు మీద దాని కనీస మందం మిల్లీమీటర్లలో చెక్కి ఉంటుంది. అంచు దగ్గర అరగని గట్టు ఉంటుంది, దాన్ని కొలిస్తే మోసపోతారు. గట్టు లోపల, ప్యాడు రాసే చోట కొలవాలి. పగుళ్లు, లోతైన గాట్లు ఉన్నా మార్చండి.
- రబ్బరు పైపును వంచి చూడండి. పైన బీటలు, తడి కనిపించినా, ఒకరు పెడల్ నొక్కి పట్టినప్పుడు పైపు ఉబ్బినా అది పనికిరాదు. లోపల పొర ఊడితే పెడల్ వదిలినా బ్రేకు వదలదు, ఆ చక్రం వేడెక్కుతుంది.

యూరియా, ఇతర ఎరువుల బస్తాలు మోసిన బండిని కిందివైపు నీళ్లతో కడగండి. ఎరువుల పొడి తేమతో కలిసి ఇనుప పైపులను తుప్పు పట్టిస్తుంది.

కావాల్సినవి

మీ మోడల్‌కు సరిపోయే ప్యాడ్లు, డిస్కులు, పైపులు, కొత్త రాగి వాషర్లు, సీలు తీయని బ్రేక్ ఆయిల్ తెచ్చుకోండి. మూత మీద డాట్ 3 అనో డాట్ 4 అనో రాసి ఉంటుంది, అదే పోయాలి. జాకీ, స్టాండ్లు, స్పానర్లు, బ్రేకులకు వాడే ప్రత్యేక గ్రీజు కూడా ఉండాలి. ప్యాడ్లయినా డిస్కులయినా ఒకే ఇరుసుకు రెండువైపులా కలిపి మార్చాలి. ఒకవైపే మారిస్తే బ్రేకు నొక్కినప్పుడు బండి పక్కకు లాగుతుంది.

ప్యాడ్లు, డిస్కు మార్చే పద్ధతి

1. బండిని గట్టి, చదునైన నేల మీద నిలపండి. హ్యాండ్ బ్రేకు వేసి, వెనుక చక్రాలకు అడ్డు పెట్టండి. చక్రం నట్లను నేల మీద ఉండగానే కొంచెం వదులు చేసి, తర్వాత జాకీ ఎత్తండి. స్టాండు పెట్టకుండా ఇటుకలు, రాళ్ల మీద నిలపకండి, జాకీని మాత్రమే నమ్మి కిందికి దూరకండి.
2. చక్రం తీశాక కాలిపర్ కింది బోల్టు విప్పి పైకి తిప్పండి. పూర్తిగా తీయాల్సివస్తే తీగతో స్ప్రింగుకు కట్టండి, రబ్బరు పైపుకు వేలాడనివ్వకండి.
3. దుమ్మును నోటితో గానీ గాలి పంపుతో గానీ ఊదకండి, తడి గుడ్డతో తుడవండి. పాత ప్యాడ్లలో ఆస్బెస్టాస్ ఉండొచ్చు, ఊపిరితిత్తులకు ప్రమాదం.
4. డిస్కు మార్చేటప్పుడు కాలిపర్ బ్రాకెట్టు కూడా విప్పాలి. హబ్బు ముఖం మీది తుప్పు గీకి, కొత్త డిస్కుకున్న నూనె పూర్తిగా తుడవండి. కొన్ని బండ్లలో డిస్కు, హబ్బు, బేరింగు కలిసే ఉంటాయి. ఆ పని మెకానిక్కుకే వదలండి.
5. ఆయిల్ డబ్బా నిండుగా ఉంటే కొంచెం తీసేసి, పాత ప్యాడు అడ్డుపెట్టి పిస్టన్‌ను క్లాంపుతో మెల్లగా లోపలికి నొక్కండి. కాలిపర్ జారే పిన్నులను తుడిచి బ్రేకు గ్రీజు పూయండి. ప్యాడు ముఖానికి, డిస్కుకు మాత్రం గ్రీజు అంటకూడదు.
6. కొత్త ప్యాడ్లు పెట్టి బోల్టులు బిగించండి. ఎంత బిగింపు అన్నది బండి పుస్తకంలో ఉంటుంది. చక్రం నట్లను ఎదురెదురుగా, వరస మార్చి బిగించాలి.

పైపు మార్చడం, గాలి తీయడం

ఇనుప పైపు నట్టును సరిపోయే స్పానర్‌తోనే విప్పండి. కొత్త పైపుకు రాగి వాషర్లు కొత్తవే వేయండి. పైపు మెలికపడకూడదు. స్టీరింగ్ ఆ చివర నుంచి ఈ చివరకు తిప్పి, పైపు టైరుకు తగలడం లేదని చూసుకోండి.

పైపు విప్పితే లోపలికి గాలి చేరుతుంది. గాలి తీయడానికి ఇద్దరు కావాలి. డబ్బాలో ఆయిల్ నింపి, కాలిపర్ మీది బ్లీడర్ నట్టుకు సన్న పారదర్శక ట్యూబు తగిలించి, రెండో కొసను ఆయిల్ ఉన్న సీసాలో ముంచండి. సీట్లో కూర్చున్నవారు నాలుగైదు సార్లు పెడల్ నొక్కి, నొక్కి పట్టి "పట్టాను" అనాలి. కిందివారు నట్టు తెరవాలి, ఆయిల్ వచ్చాక బిగించి "వదులు" అనాలి. బిగించకముందు పెడల్ వదిలితే గాలి మళ్లీ లోపలికి పోతుంది. బుడగలు ఆగేదాకా ఇలాగే చేయండి. డబ్బాలో ఆయిల్ అడుగంటకుండా చూసుకోండి. నాలుగు చక్రాలకూ తీయాల్సివస్తే పుస్తకంలో చెప్పిన వరస పాటించండి. సాధారణంగా ఆయిల్ డబ్బాకు దూరంగా ఉన్న చక్రం ముందు, దగ్గరిది చివర. ఏబీఎస్ ఉన్న బండ్లకు ఈ పని మెకానిక్కు దగ్గరే చేయించండి.

బ్రేక్ ఆయిల్ సంగతి

ఇది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెల్సియస్ వరకు మరగకూడదు, తేమ పట్టాక ఆ కనీసం 140కి దిగుతుంది. ఘాటు రోడ్డులో దిగేటప్పుడు ఆయిల్ మరిగి ఆవిరైతే పెడల్ నేలకంటుతుంది. అందుకే రెండేళ్లకోసారి ఆయిల్ మార్చండి, దిగుడులో చిన్న గేరు వాడండి. మూత తెరిచి నెలల తరబడి ఉంచిన ఆయిల్, వాడిన ఆయిల్ మళ్లీ పోయకండి. ఇంజన్ ఆయిల్ అసలే పోయకూడదు, రబ్బరు సీళ్లు ఉబ్బి పాడవుతాయి. దీన్ని నీళ్ల సీసాల్లోకో, కూల్‌డ్రింకు సీసాల్లోకో మార్చకండి, ఇది విషం. పిల్లలకు, పశువులకు అందకుండా పెట్టండి. పొలంలో, బావి దగ్గర పారబోయకండి.

బండి కదిలించే ముందు

ముందుగా పెడల్‌ను చాలాసార్లు నొక్కండి. అది గట్టిగా నిలిచేదాకా బండి కదపకూడదు. తర్వాత గట్టిగా నొక్కి పట్టి, ఎక్కడైనా ఆయిల్ చెమరుస్తుందేమో చూడండి. ఖాళీ బండితో, మనుషులు లేని దారిలో 40 వేగం నుంచి 10కి, మధ్య మధ్య చల్లారనిస్తూ పదిసార్లు మెల్లగా తగ్గించండి. ప్యాడ్లు డిస్కుకు అలవాటు పడతాయి. ఆ మొదటి రోజు బండి నిండా సరుకు వేయకండి.

పెడల్ మెత్తగా ఉన్నా, కిందికి దిగుతున్నా, ఇనుప పైపు తుప్పు పట్టినా, పిస్టన్ కదలకపోయినా మీ ప్రయత్నం ఆపి మెకానిక్కును పిలవండి. ఒక రోజు మార్కెట్టు పోతే మర్నాడు వెళ్లొచ్చు. ప్యాడ్లు, ఆయిల్ మార్చిన తేదీ, అప్పటి కిలోమీటర్ల లెక్క బండి పుస్తకంలో రాసి పెట్టుకుంటే, బండిలో వాటా ఉన్న వాళ్లందరికీ అక్కరకొస్తుంది.